కూటములు పెరిగితే యుద్ధాలు వస్తాయా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యాభై ఏళ్ల పండుగ పూట యుద్ధాల మాటెందుకని కొందరికి అనిపించవచ్చు. కాలేజీలో ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక కార్యవర్గం వారు "మీ సబ్జెక్టులోదే ఏదైనా చెప్పండి" అన్నారు. మన సంఘం వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షల తర్వాత ఎక్కువ సందేశాలు నడిచింది ఉక్రెయిన్ యుద్ధం మీదే. ఒక పక్షం వారిది ఒకటే మాట: "నాటో కూటమి రష్యా గుమ్మం దాకా వచ్చింది. ఎవరైనా ఎందుకు ఊరుకుంటారు?" రెండో పక్షం వారిదీ ఒకటే మాట: "పక్క దేశం మీద పడి కొట్టినవాణ్ణి వదిలేసి, కొట్టించుకున్నవాడి స్నేహితులను తప్పుపడతారేమిటి?" రెండు పక్షాల్లోనూ నా మిత్రులు ఉన్నారు. అందుకే గ్రూపులో కాకుండా, ఇక్కడ నిలబడి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా మనందరం పదో తరగతిలో రాసిన జవాబు ఒకటి గుర్తు చేస్తాను. ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు తెలపండి. జవాబు: తీవ్ర జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనిక కూటములు, ఆయుధ పోటీ. చివర్లో తక్షణ కారణం, సారాజెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. ఇన్ని పాయింట్లు రాస్తే ఇన్ని మార్కులు. ఆ జవాబు తప్పు కాదు. కానీ అందులో "సైనిక కూటములు" అన్న మాట దగ్గర మనం ఎప్పుడూ ఆగలేదు.

1882 నాటికి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ ఒక జట్టు. 1894 నాటికి ఫ్రాన్స్, రష్యా ఇంకో జట్టు. బ్రిటన్ 1904లో ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో పాత తగాదాలు తీర్చుకుని ఆ పక్కకు జరిగింది. 1914 జూలై 28న ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. వారం తిరిగేసరికి యూరప్‌లోని ఐదు పెద్ద రాజ్యాలూ యుద్ధంలో ఉన్నాయి. ఇంతవరకు చూస్తే కూటములే యుద్ధం తెచ్చాయనిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో మూడు సంగతులు చూడండి. జర్మనీతో ఒప్పందం ఉన్న ఇటలీ 1914లో యుద్ధానికి రాలేదు. పైగా 1915లో అవతలి పక్షాన చేరింది. సెర్బియాతో రక్షణ ఒప్పందం లేని రష్యా మాత్రం దాని కోసం సైన్యాన్ని కదిపింది. ఇక బెల్జియం ఏ కూటమిలోనూ లేదు. 1839 ఒప్పందం ప్రకారం శాశ్వత తటస్థ దేశం. అయినా జర్మన్ సైన్యం దాని నేల మీదుగానే ఫ్రాన్స్‌కు వెళ్లింది. అంటే కూటమిలో ఉన్నంత మాత్రాన యుద్ధం తప్పనిసరి కాలేదు, లేనంత మాత్రాన రక్షణా దొరకలేదు. ఆస్ట్రియాకు, సెర్బియాకు ఉన్న తగువు 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలుపుకున్న నాటి నుంచీ రగులుతూనే ఉంది. దాన్ని కూటములు పుట్టించలేదు. ఒక ఇంటికి అంటుకున్న నిప్పును ఊరంతటికీ పాకించాయి. నిప్పు పెట్టడం, పాకించడం రెండూ నేరాలే కావచ్చు. కానీ రెండూ ఒకే నేరం కాదు.

ఇక నాటో సంగతి. 1949 ఏప్రిల్ 4న 12 దేశాలతో ఏర్పడింది. దానికి ప్రాణం ఐదో అధికరణం: సభ్యదేశాల్లో ఏ ఒక్కదాని మీద దాడి జరిగినా అందరి మీద దాడి జరిగినట్టే. 1955 మేలో పశ్చిమ జర్మనీని ఈ కూటమిలో చేర్చుకున్నారు. ఆ నెలలోనే సోవియట్ యూనియన్ వార్సా ఒప్పందంతో పోటీ కూటమి కట్టింది. ఒక కూటమి పెరిగితే అవతల భయం పెరుగుతుందనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ అక్కర్లేదు. అయినా ఆ రెండు కూటములు ముప్పై ఆరేళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకదానితో ఒకటి నేరుగా యుద్ధం చేయలేదు. వార్సా కూటమి సైన్యాలు కలిసి చేసిన పెద్ద దండయాత్ర 1968లో చెకోస్లొవేకియా మీద. అది ఆ కూటమిలో సభ్యదేశమే!

రష్యా వైపు వాదన ఏమిటో నిజాయితీగా చెప్పుకుందాం. 1990 ఫిబ్రవరిలో జర్మనీ ఏకీకరణ చర్చల్లో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్, నాటో తూర్పుకు ఒక్క అంగుళం కూడా జరగదన్న మాట గోర్బచేవ్ ముందు అన్నారు. ఆ మాట వచ్చింది తూర్పు జర్మనీ భూభాగం గురించి మాట్లాడుతున్నప్పుడు. అదే ఏడాది సెప్టెంబరులో సంతకాలు జరిగిన ఒప్పందంలో తూర్పు జర్మనీ నేల మీద విదేశీ సైన్యాలు, అణ్వాయుధాలు ఉంచకూడదని రాసుకున్నారు గానీ, మిగతా దేశాల ప్రస్తావన లేదు. కాగితం మీద లేదు కాబట్టి మాట తప్పలేదని అమెరికా అంటుంది. నోటిమాటకు విలువ లేదా అని రష్యా అడుగుతుంది. 1999లో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ చేరాయి. 2004లో ఒకేసారి ఏడు దేశాలు చేరాయి. అందులో ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగాలు. జార్జ్ కెన్నన్ అని, సోవియట్‌లను కట్టడి చేయాలనే విధానానికి ఆద్యుడైన అమెరికా దౌత్యవేత్త ఉండేవారు. ఆయన తొంభై ఏళ్లు దాటిన వయసులో, 1997లో, ఈ విస్తరణ ఘోరమైన పొరపాటు అవుతుందని పత్రికలో రాశారు. రష్యాకు బద్ధశత్రువు అనిపించుకున్న మనిషే అలా హెచ్చరించారంటే, ఆ భయం ఉత్త కల్పన అని కొట్టిపారేయలేం.

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం. "నాటో తూర్పుకు విస్తరించింది" అనే వాక్యంలో కర్త నాటో. అదే సంఘటనను పోలండ్ వైపు నుంచి చెబితే వాక్యం మారిపోతుంది: "మేము వెళ్లి తలుపు తట్టాం." ఎందుకు తట్టారు? 1939లో హిట్లర్, స్టాలిన్ కలిసి పోలండ్‌ను పంచుకున్నారు. 1940లో మూడు బాల్టిక్ దేశాలను స్టాలిన్ కలుపుకున్నాడు. 1956లో హంగరీ, కూటమి నుంచి తప్పుకొని తటస్థంగా ఉంటానంటే బుడాపెస్ట్ వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి. పెద్ద కామందు పొలం పక్కన రెండెకరాలున్న రైతును ఊహించుకోండి. గట్టు ఏటా తన వైపుకే జరుగుతుంటే అతను ఏం చేస్తాడు? ఊళ్లో నలుగురి అండ చూసుకుంటాడు. కామందు అప్పుడు "చూశారా, నా మీద కుట్ర చేస్తున్నాడు" అంటాడు. ఆ మాటలో అతని భయం ఉండొచ్చు. కానీ గట్టు జరిపిందెవరన్న ప్రశ్న దానితో మాసిపోదు.

ఉక్రెయిన్ విషయానికి వస్తే, తేదీలను వరుసలో పెట్టుకోవాలి. మన వాదనలు చాలావరకు తేదీలు కలిసిపోవడం వల్ల వచ్చినవే.

1991 డిసెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఉక్రెయిన్ ఓటర్లు 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటు వేశారు. సోవియట్ల నుంచి దాని నేల మీద మిగిలిన అణ్వాయుధాలు అప్పటికి ప్రపంచంలో మూడో స్థానం. వాటిని వదులుకున్నందుకు 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ కలిసి, ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు చేశాయి. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో నాటో శిఖరాగ్ర సమావేశం జరిగింది. ఉక్రెయిన్‌ను, జార్జియాను చేర్చుకునే ప్రక్రియ మొదలుపెట్టాలని అమెరికా పట్టుబట్టింది. జర్మనీ, ఫ్రాన్స్ వద్దన్నాయి. చివరకు రాజీగా ఒక ప్రకటన వచ్చింది: ఈ రెండు దేశాలూ సభ్యులవుతాయి. ఎప్పుడో లేదు, ఎలాగో లేదు. ఆ ఆగస్టులోనే జార్జియాతో రష్యా యుద్ధం జరిగింది.

2010లో ఉక్రెయిన్ పార్లమెంటు, తాము ఏ సైనిక కూటమిలోనూ చేరబోమని చట్టం చేసింది. ఈ సంగతి మన గ్రూపులో ఎవరూ రాయలేదు. 2014లో క్రిమియాను రష్యా కలుపుకున్న నాటికి ఆ చట్టం అమల్లోనే ఉంది. ఆ ముందు నెలల్లో ఉక్రెయిన్‌లో గొడవ జరిగింది నాటో గురించి కాదు, యూరోపియన్ యూనియన్‌తో వ్యాపార, రాజకీయ సంబంధాల ఒప్పందం గురించి. క్రిమియా పోయాకే, 2014 డిసెంబరులో, ఆ తటస్థ చట్టాన్ని రద్దు చేశారు. 2019లో నాటో సభ్యత్వాన్ని రాజ్యాంగంలో లక్ష్యంగా రాసుకున్నారు. వరుస చూస్తే, నేల పోయిన తర్వాత కూటమి కోసం పరుగెత్తారే గానీ, కూటమి కోసం పరుగెత్తినందుకు నేల పోలేదు.

2021 డిసెంబరులో రష్యా ముసాయిదా ఒప్పందాలు ముందు పెట్టి, నాటో ఇక విస్తరించకూడదని అడిగింది. నాటో ఒప్పుకోలేదు. 2022 ఫిబ్రవరి 24న దండయాత్ర మొదలైంది. ఆనాటి నాటో ప్రధాన కార్యదర్శి స్టోల్టెన్‌బర్గ్ కూడా 2023లో యూరోపియన్ పార్లమెంటు సభ్యుల ముందు, నాటో తన సరిహద్దుల దగ్గరికి రాకూడదనే పుతిన్ యుద్ధానికి వెళ్లారని అన్నారు. మొదటి పక్షం మిత్రులు ఈ మాటను గట్టిగా చూపిస్తారు. చూపించాల్సిందే. కానీ పుతిన్ సొంత మాటలు కూడా చదవాలి కదా. 2021 జూలైలో ఆయన రాసిన పెద్ద వ్యాసం, రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అన్న వాదన మీద నడిచింది. దండయాత్రకు మూడు రోజుల ముందు చేసిన ప్రసంగంలో నేటి ఉక్రెయిన్‌ను సృష్టించింది లెనినేనన్నారు. 2022 సెప్టెంబరులో నాలుగు రాష్ట్రాలను రష్యాలో కలుపుకున్నట్టు ప్రకటించారు. భయం పొరుగువాడి స్నేహితుల గురించే అయితే, పొరుగువాడి పొలాన్ని తన పట్టాలోకి ఎక్కించుకోవడం ఎందుకు?

ఇక్కడే ఫిన్లాండ్ గురించి చెప్పాలి. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు. 1939లో సోవియట్ దాడిని ఎదుర్కొన్న దేశం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దశాబ్దాల పాటు ఎవరి జట్టులోనూ చేరకుండా, మాస్కోను నొప్పించకుండా జాగ్రత్తగా బతికింది. ఉక్రెయిన్ మీద దాడి చూశాక మనసు మార్చుకుంది. 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరింది. రష్యాకు నాటోతో ఉన్న భూసరిహద్దు ఒక్కరోజులో రెండింతలు దాటింది. నాటో గుమ్మంలోకి రావడమే యుద్ధానికి కారణమైతే, అంతకంటే పెద్ద రావడం ఇంకేముంటుంది? కానీ ఫిన్లాండ్ మీదికి రష్యా యుద్ధానికి వెళ్లలేదు. ఆ దేశమూ, స్వీడన్‌ చేరితే తమకు నేరుగా ముప్పు లేదని, అక్కడ సైనిక ఏర్పాట్లు పెంచితే స్పందిస్తామని పుతిన్ 2022 మేలోనే అన్నారు. ఫిన్లాండ్‌కు లేనిదీ, ఉక్రెయిన్‌కు ఉన్నదీ ఏమిటి? ఫిన్లాండ్ వేరే దేశమని మాస్కో ఒప్పుకుంది. ఉక్రెయిన్ వేరే దేశమని మనసారా ఒప్పుకోలేదు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడ ఉంది.

అలాగని నాటోకు మచ్చలేదని నేను అనను. దాని తప్పు తలుపు తెరవడం కాదు, తెరిచీ తెరవనట్టు ఉంచడం. బుకారెస్ట్ ప్రకటన రష్యాకు కోపం తెప్పించడానికి సరిపోయింది, ఉక్రెయిన్‌ను కాపాడటానికి సరిపోలేదు. ఐదో అధికరణం నీడ పడని దేశానికి, పడబోతోందని పద్నాలుగేళ్లు చెప్పారు. చేర్చుకోదలిస్తే చేర్చుకోవాలి. చేర్చుకోలేమనుకుంటే మర్యాదగా ఆ మాటే చెప్పి వేరే రక్షణ చూపాలి. నమ్మించి నట్టేట వదలడాన్ని మన పెద్దలు ఏమనేవారో మీకు తెలుసు. ఈ పదేళ్ల చరిత్రలో నాకు కనిపించే పాఠం ఇదే: కూటమి పెరగడం వల్ల భయం పుడుతుంది, అరకొర హామీ వల్ల ఆ భయానికి అవకాశం దొరుకుతుంది, అయినా యుద్ధం మాత్రం ఒకరు కూర్చుని తీసుకున్న నిర్ణయం వల్లే వస్తుంది.

ఇదంతా ఎక్కడో దూరాన జరిగింది, మనకెందుకు అనుకోవద్దు. అక్కడ వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు ఆ ఫిబ్రవరిలో నేలమాళిగల్లో తలదాచుకున్నారు. చలిలో సరిహద్దుల దాకా నడిచారు. యుద్ధం మొదలయ్యే ముందూ తర్వాతా కలిపి సుమారు 22,500 మంది భారతీయులు తిరిగి వచ్చారని ప్రభుత్వం చెప్పింది. మన విద్యార్థి ఒకరు ఖార్కివ్‌లో ప్రాణం పోగొట్టుకున్నాడు. "ఆపరేషన్ గంగ" విమానాలు ఆ పిల్లలను ఎక్కించుకున్న నగరాల పేర్లు చూడండి. ఒకటి బుడాపెస్ట్, 1994 నాటి హామీ పుట్టిన ఊరు. ఇంకొకటి బుకారెస్ట్, 2008 నాటి హామీ పుట్టిన ఊరు. పెద్దలు సంతకాలు చేసి వదిలేసిన మాటలకు పిల్లలు సంచులు భుజాన వేసుకుని పరుగెత్తాల్సి వచ్చింది. మా వీధిలో ఒక తండ్రి, కూతురు ఇంకా రైల్లో ఉండగా, నా దగ్గరికి వచ్చి "మాస్టారూ, ఇంతకీ తప్పెవరిది?" అని అడిగాడు. ఆ రోజు ఆయనకు కావలసింది జవాబు కాదు, ఫోను మోగడం. ఆ అమ్మాయి క్షేమంగా వచ్చింది. ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆ వేసవిలో మనందరి వంటింట్లోకీ ఆ యుద్ధం వచ్చింది. మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద భాగం ఆ రెండు దేశాల నుంచే వచ్చేది. ప్యాకెట్ ధర ఎంతైందో ఇళ్లు నడిపేవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మన ఇరుగుపొరుగు అనుభవం కూడా ఈ లెక్కకు సరిపోతుంది. 1954లో పాకిస్తాన్ అమెరికాతో ఆయుధ సహాయ ఒప్పందం చేసుకుని, సీటోలో చేరింది. మరుసటి ఏడాది బాగ్దాద్ ఒప్పందంలోనూ చేరింది. ఆ ఆయుధాలు కమ్యూనిస్టుల మీదికే అన్నారు. 1965లో ప్యాటన్ ట్యాంకులు వచ్చింది పంజాబ్‌లోని ఖేంకరణ్ మీదికి. అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం వాటిని ఎలా ఆపిందో ఈ సభలోని మాజీ సైనికులు నాకంటే బాగా చెప్పగలరు. అరువు తెచ్చుకున్న బలం ధైర్యం పెంచుతుందనడానికి అది రుజువు. కానీ తగువు కశ్మీర్ గురించి. అది 1947 నుంచే ఉంది, ఏ కూటమీ పుట్టించలేదు. కూటములు పాకిస్తాన్‌ను ఆ యుద్ధంలో ఆదుకోనూ లేదు. ఇక 1962లో మనం ఏ కూటమిలోనూ లేము. చైనా సరిహద్దు యుద్ధం తప్పిందా? 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకున్నాం. డిసెంబరులో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధానికి కారణం ఆ ఒప్పందమా, తూర్పు పాకిస్తాన్‌లో జరిగిన మారణకాండా, కోటిమంది శరణార్థులా? మన ఇంటి విషయంలో ఈ తేడా మనకు సులువుగా అర్థమవుతుంది. పరాయి ఇంటి విషయంలోనూ అదే కొలత వాడాలి.

కాబట్టి ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. "కారణాలు తెలపండి" అన్న ప్రశ్న పక్కన "సాకులు ఏవి?" అనే ప్రశ్న కూడా పిల్లలకు ఇవ్వండి. ఒక దేశానికి భయం ఎందుకు కలిగిందో అర్థం చేసుకోవడం చరిత్ర. ఆ భయం పేరు చెప్పి అది చేసిన పనిని సమర్థించడం చరిత్ర కాదు, వకాల్తా. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మన పిల్లలకు తెలుసు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమూ తెలుసు. వాటిని పటం ముందు నిలబెట్టి చెబితే చాలు. ఎవరి సైన్యం ఎవరి గీత దాటింది? దాటే రోజుకు వేరే దారులు ఇంకా మిగిలి ఉన్నాయా? మాట ఇచ్చినవాళ్లు దాన్ని నిలబెట్టుకునే ఉద్దేశంతోనే ఇచ్చారా? ఈ మూడు అడగడం నేర్చుకున్న పిల్లవాడు ఏ దేశం టీవీ చూసినా మోసపోడు.

గ్రూపులోని మిత్రులకు కూడా ఒక మాట. రష్యా మనకు కష్టకాలంలో అండగా నిలిచిన దేశం. ఆ కృతజ్ఞత నాలోనూ ఉంది. అమెరికాలో మన పిల్లలు బతుకుతున్నారు. ఆ మమకారమూ ఉంది. కానీ కృతజ్ఞత, మమకారం మన ఇంట్లో వాళ్లకు చూపేవి. తీర్పు చెప్పేటప్పుడు వాటిని పక్కన పెట్టమని ఈ బడిలోనే మనకు నేర్పారు. చిన్న దేశానికి తన స్నేహితులను ఎంచుకునే హక్కు ఉంది. పెద్ద దేశానికి తన భయాన్ని చెప్పుకునే హక్కు ఉంది. పొరుగింటి మీద బాంబులు వేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

 అవతలి పక్షం మిత్రులు భోజనాల దగ్గర నన్ను పట్టుకోవచ్చు. నేను మాత్రం పారిపోను. సెలవు.